కంటైనర్లలోకి మార్చిన మా కొనుగోలు అప్లికేషన్‌లోని లోపాలపై ఫిర్యాదు

భీమవరం,
పశ్చిమ గోదావరి జిల్లా.

క్లౌడ్ సేవల విభాగాధిపతి గారికి,

అయ్యా,

ఉండి, ఆకివీడు పరిసరాల రైతుల దగ్గర రొయ్యలు కొని ఎగుమతి ప్లాంట్లకు పంపే మా సంస్థ లెక్కలన్నీ ఏళ్ల తరబడి ఆఫీసులోని సర్వర్ మీదనే నడిచేవి. 1996 నవంబరు తుపాను దెబ్బ తిన్న ప్రాంతం మాది కనుక, కరెంటు పోయినా గదిలోకి నీళ్లు వచ్చినా లెక్కలు భద్రంగా ఉండాలనే ఆ అప్లికేషన్‌ను క్లౌడ్‌లో కంటైనర్లలోకి, అంటే అప్లికేషన్‌ను దానికి కావలసినవన్నీ కలిపి విడిగా నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టెల్లోకి, మార్చే పని మీకు అప్పగించాము. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ మా అభిప్రాయం. అప్లికేషన్ ఏ ఫైలును ఎక్కడ రాస్తుందో, మా పని ఏ వేళల్లో జరుగుతుందో విచారించకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు కంటైనర్‌లో పెట్టేసిన తీరు మీదనే మా అభ్యంతరం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తేదీల వల్ల జరిగింది. కంటైనర్ గడియారం అంతర్జాతీయ ప్రామాణిక కాలమైన యూటీసీలో, అంటే మన కాలమానానికి 5 గంటల 30 నిమిషాలు వెనకగా నడుస్తోంది. ఎండ ఎక్కకముందే పట్టుబడి ముగించాలి కాబట్టి చెరువు గట్టు మీద మేము కాటా వేసేది చాలావరకు అర్ధరాత్రి దాటాకే. తెల్లవారుజామున 2 గంటలకు తూచిన 30 కౌంట్ (కిలోకు 30 రొయ్యలు తూగే) సరుకు మీ సిస్టమ్‌లో ముందు రోజు రాత్రి 8:30కి కొన్నట్టు నమోదై, దానికి ముందు రోజు ధర పడుతోంది. కౌంట్ ధర రోజురోజుకూ మారే వ్యాపారంలో, టన్నుల్లో సరుకు అమ్మిన రైతుకు ఇది చిన్న తేడా కాదు. ధర పెరిగిన రోజున పాత ధరతో బిల్లు అందుకున్న రైతులు మా గుమస్తాలను మోసగాళ్లన్నారు. మాట మీద సరుకు ఇచ్చే మనుషులతో ఆ మాట పడవలసి రావడం మమ్మల్ని చాలా బాధించింది.

కాటా చీటీల ఫొటోలు పోవడం మరొకటి. రైతు సంతకం, చెరువుకు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ఇచ్చిన నమోదు సంఖ్య ఉన్న చీటీని గట్టు మీదే ఫొటో తీసి ఎక్కిస్తాము. అప్లికేషన్ వాటిని పాత అలవాటు ప్రకారం లోపలి ఫోల్డర్‌లోనే రాస్తోంది. విడిగా శాశ్వత వాల్యూమ్ (కంటైనర్‌కు బయట ఉండే నిల్వ స్థలం) జోడించకపోతే, కంటైనర్ కొత్తగా లేచినప్పుడు ఇమేజ్‌లో (దాన్ని మొదలుపెట్టే మూల ప్రతిలో) లేనిదేదీ మిగలదని మీకు తెలియనిది కాదు. పైగా రోజు ముగింపు రిపోర్టు తీసినప్పుడల్లా మెమరీ పరిమితి దాటి, బలవంతంగా ఆపివేసినట్టు తెలిపే 137 కోడ్‌తో కంటైనర్ ఆగి మళ్లీ మొదలవుతోంది; ఆనాటి ఫొటోలు అంతటితో సరి. డేటాబేస్ విడిగా ఉన్నందున అంకెలు దక్కాయి గానీ, సరుకు ఏ చెరువుదని విదేశీ కొనుగోలుదారు అడిగితే చూపడానికి చీటీ లేదు. దానంతట అదే తిరిగి మొదలవుతోంది కనుక సేవకు అంతరాయం లేదని మీ సహాయ విభాగం ఇచ్చిన జవాబు మాకు సమ్మతం కాదు.

కాబట్టి టైమ్‌జోన్‌ను వెంటనే భారత కాలమానానికి మార్చి, తప్పు తేదీ పడిన కొనుగోళ్లన్నిటి జాబితా మాకు ఇవ్వాలి. రైతులకు రావలసిన తేడా సొమ్మును ముందుగా మేమే చెల్లించి, ఆ మొత్తాన్ని మీ బిల్లులో మినహాయించుకుంటాము. ఫొటోలను కంటైనర్‌కు బయట భద్రపరచాలి. రిపోర్టుకు నిజంగా ఎంత మెమరీ పడుతుందో కొలిచి పరిమితి పెట్టాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిచి రోజువారీ మొత్తాలు సరిపోయేదాకా మా ఆఫీసు సర్వర్‌ను తీసివేయము, మిగిలిన వాయిదా చెల్లించము.

ఈ పనులు ఎవరి బాధ్యతో, ఏ తేదీకి పూర్తవుతాయో 7 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మేనేజర్, కొనుగోళ్ల విభాగం