మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024–25: నోటుపుస్తకాలు తడిసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

నివేదికను ఏప్రిల్‌తో మొదలుపెట్టి మార్చితో ముగించడం మన ఆనవాయితీ. ఈసారి అలా రాయడానికి చెయ్యి రావడం లేదు. మన ఏడాది సెప్టెంబరు 1న మొదలైంది. ఆ ఆదివారం విజయవాడలో బుడమేరు అనే ఏరు పొంగి సింగ్‌నగర్‌లో మన గడపలెక్కింది. అంతకుముందు చేసిన చలివేంద్రం, కాలువ పూడిక కోసం పెట్టిన అర్జీలు, పంద్రాగస్టు జెండా అన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. అన్నం పొట్లాల నుంచి బ్లీచింగ్ పౌడరు దాకా వరద సాయం లెక్కలను కోశాధికారి గారు విడిగా పంచారు. సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగింది, బహుమతుల మీద తగాదా కూడా ఎప్పటిలాగే జరిగింది.

ఇక విద్యా కార్యక్రమాలు. ఏటా ఇది రెండు వాక్యాల్లో తేలిపోయే పద్దు. నోటుపుస్తకాలు పంచాం, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు కప్పాం, అంతే. ఈ ఏడాది మాత్రం సగం నివేదిక దానికే పోతుంది. ఓపిక పట్టాలి.

మునిసిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచరు గారు మన కాలనీలోనే కింది అంతస్తులో ఉంటారు. పేరు రాయొద్దన్నారు. పద్నాలుగేళ్లుగా పాఠాల కోసం రాసుకున్న నోట్సు, గీసుకున్న పటాలు, ప్రశ్నపత్రాలు అన్నీ మంచం కింద ట్రంకు పెట్టెలో పెట్టుకున్నారు. నీళ్లు తీశాక డాబా మీద ఆరబెడితే పేజీలు అంటుకుపోయి అప్పడాల్లా తయారయ్యాయి. జెల్ పెన్నుతో రాసింది కారిపోయింది, బాల్‌పెన్నుతో రాసింది నిలబడింది. దసరా సెలవుల ముందు ఆవిడ మన ఆఫీసుకు వచ్చి, "బాబాయి గారూ, సంఘంలో నాకు తెలుగు టైపు నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. బియ్యం కావాలన్నవాళ్లు వచ్చారు, పరుపులు అడిగినవాళ్లు వచ్చారు. టైపు అడిగింది ఆవిడొక్కరే.

ఏలూరు రోడ్డు వెనక సందులో ముప్పై ఏళ్లుగా డీటీపీ చేస్తున్న మన సభ్యుడు ముందుకొచ్చారు. పెళ్లి శుభలేఖల నుంచి గైడు పుస్తకాల దాకా కొట్టిన చెయ్యి ఆయనది. తీరా కూర్చున్నాక తెలిసింది, ఆయన కూడా మళ్లీ నేర్చుకోవాలని. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూరుస్తాయి: తలకట్టు ఒక చోట, వత్తు ఇంకో చోట. ఆ ఫాంటు లేని ఫోనుకు ఫైలు పంపితే ప్రశ్నపత్రం మంత్రాక్షరాల్లా కనిపిస్తుంది. పీడీఎఫ్ చేస్తే బొమ్మ బాగానే ఉంటుంది గానీ వచ్చే ఏడాది ఒక ప్రశ్న మార్చుకోవాలంటే కుదరదు. యూనికోడ్‌లో అయితే ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకూ చోటిచ్చారు. మన బళ్లలో ప్రశ్నపత్రాలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పాత దారినే నడుస్తున్నాయి. ఆయన, ఆవిడ కలిసి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకున్నారు. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. "ముప్పై ఏళ్ల అలవాటు వేళ్లను వదలదండీ" అని ఆయన విసుక్కుంటే, ఆవిడ వారం తిరక్కుండా ఆయన్ని దాటేశారు.

నోట్సును తిరిగి రాయడం మరో కథ. అచ్చు కాగితాలను ఫోనుతో ఫోటో తీస్తే అక్షరాలు చాలావరకు వచ్చాయి. చేతిరాత దగ్గర అది చేతులెత్తేసింది. అప్పుడు టీచరు గారి అత్తగారు మరకల పేజీలు పట్టుకుని పైకి చదువుతుంటే, ఫోను విని టైపు చేసింది. కృష్ణా, గోదావరి సరిగ్గానే పడ్డాయి. బుడమేరు అన్నప్పుడల్లా ఫోనుకు ఇంకేదో వినిపించేది. ఇంటి ముందుకొచ్చి నిలబడిన ఏరు దానికి తెలియకపోవడం మీద కాలనీలో చాలా జోకులు నడిచాయి.

ఈ సంగతి పక్క బళ్లకు పాకి, తొమ్మిది మంది టీచర్లు వస్తామన్నారు. నవంబరు నుంచి రెండో శనివారాలు, వీలైన ఆదివారాలు మన ఆఫీసులోనే కూర్చున్నారు. మొదటి క్లాసు ఘోరంగా పోయింది, ఆ తప్పు నాదే. తెలిసినాయన్ను పిలిచాను. నలభై స్లైడ్లు చూపించి, డిజిటల్ విప్లవం గురించి గంటన్నర మాట్లాడి వెళ్లిపోయారు. టీచర్లు మర్యాదగా విన్నారు. టీలప్పుడు ఒకావిడ అసలు విషయం చెప్పారు: "ప్రభుత్వం వాళ్ల దీక్ష యాప్‌లో కోర్సులు మేం చేశామండీ. వీడియో ఒక పక్క నడుస్తుంటే ఇంకో పక్క వంకాయలు తరుక్కున్నాం. సర్టిఫికెట్ వచ్చింది." 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలంటుంది. గంటలు లెక్కేస్తే చాలామందికి సరిపోతాయి. తరగతిలో ఏం మారిందన్న ప్రశ్నకే జవాబుండదు.

సామగ్రి లేదనడానికీ లేదు. హైస్కూలు గదుల్లో వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలను (వాటినే ఐఎఫ్‌పీలంటారు) గోడకు బిగించారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి, క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే దీక్షలో ఆ పాఠం తెరుచుకుంటుంది. కానీ టీచరు చేతిలో ఫోను ఉన్నది దేనికి? హాజరు ఫోటో, భోజనం ఫోటో, 2024 దాకా మరుగుదొడ్డి ఫోటో కూడా. వాటికే చార్జింగ్ అయిపోతుందని అందరూ ఒక్క గొంతుతో అన్నారు.

ఇక్కడ మన కార్యవర్గంలో జరిగిన వాదన కూడా రాయాలి, దాస్తే నివేదిక ఎందుకు? ఇద్దరు పెద్దలు బడికి ప్రొజెక్టరు కొనిచ్చి, దాతల పేర్లతో శిలాఫలకం పెడదామన్నారు. ఇంకో తెర ఎందుకని నేను అడ్డుపడ్డాను. టీచర్లకు కావలసింది ఇంటర్నెట్ ఉన్న ఒక గది, పక్కన కూర్చుని తప్పు చూపించే ఒక మనిషి, తిట్టకుండా వినే నలుగురు. ఈ ఖర్చు మీద ఎవరి పేరూ చెక్కించుకోలేం, అందుకే దీనికి చందాలు రావడం కష్టమైంది. చివరకు నెలవారీ వైఫై, టీలు, మందం కాగితం మీద అచ్చు, ఈ మూడింటికే ఒప్పుకున్నాం. అలిగిన పెద్దలిద్దరిలో ఒకరు ఫిబ్రవరిలో తన పాత ల్యాప్‌టాప్ తెచ్చిచ్చారు. రెండోవారింకా అలకలోనే ఉన్నారు.

జనవరిలో సోషల్ టీచరు గారు చేసిన పాఠాన్ని నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. తొమ్మిదో తరగతి, నదుల పాఠం. పిల్లల దగ్గర ఫోన్లు లేవు. ఒక్కొక్కరి చేతిలో ఒక అట్టముక్క, దాని మీద నల్లటి గళ్ల బొమ్మ. నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని చిన్నగా రాసి ఉంటుంది. తమ జవాబు పైకొచ్చేలా తిప్పి పట్టుకుంటే, టీచరు తన ఫోను కెమెరాను గదంతా ఒకసారి తిప్పుతారు. ఎవరేం చెప్పారో ఆవిడ ఫోనులో పడిపోతుంది. దీని పేరు ప్లికర్స్. పక్కవాడి జవాబు చూసి చెయ్యెత్తడం కుదరదు, ఎందుకంటే ఎవరి బొమ్మ వారిదే. పిల్లల పేర్లు బయటి యాప్‌లో ఎందుకని ఆవిడ రోల్ నంబర్లే ఎక్కించారు. ఈ జాగ్రత్త నాకు నచ్చింది.

ప్రశ్న: బుడమేరు చివరికి ఎందులో కలుస్తుంది? సగానికి పైగా పిల్లలు కృష్ణలో అన్నారు. పుస్తకం ప్రకారం కొల్లేరు. మామూలుగా అయితే "తప్పు, కూర్చో" అనేసి పాఠం ముందుకు పోయేది. ఆవిడ ఆగి, తెర మీద గూగుల్ ఎర్త్ తెరిచారు. మైలవరం కొండల్లో ఏరు పుట్టే చోటు నుంచి వేలితో జరుపుతూ వెలగలేరు రెగ్యులేటరు దాకా వచ్చారు. అక్కడి నుంచి ఒక పాయను డైవర్షన్ చానల్ ఇబ్రహీంపట్నం వైపు మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది, అసలు ఏరు మన మీదుగా కొల్లేరుకు పోతుంది. అంటే కృష్ణ అన్న పిల్లలది సగం ఒప్పే. కృష్ణే నిండుగా ఉన్న రోజున ఆ చానల్ నీరు ఎక్కడికి పోతుందని అడిగితే గది అంతా నిశ్శబ్దమైంది. ఆ తర్వాత వెనక బెంచీ కుర్రాడు "మా ఇంటికండీ" అన్నాడు.

ఆ వరద రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారని అందరం టీవీల్లో విన్నాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. పిల్లలు కంప్యూటరులోని లెక్కల పట్టికలో, అంటే షీట్‌లో, గుణించి, మనం రోజూ తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ టిన్నులతో భాగించారు. సెకనుకు 16 లక్షల టిన్నులు. నేను రైల్వేలో లెక్కలు రాసి రిటైరైనవాణ్ని. అయినా ఆ అంకె అప్పటిదాకా నాకు అర్థమయ్యేలా కనిపించలేదు.

అంతకుముందు వారం ఇంటిపని కూడా ఇచ్చారు: గోడ మీద వరద మరక ఎత్తు టేపుతో కొలిచి తెమ్మన్నారు. తెచ్చిన అంకెలన్నీ షీట్‌లో ఎక్కించాక ఒక వింత బయటపడింది. పక్కపక్క వాటాల్లో ఒకే గోడకు ఒక అమ్మాయి నాలుగడుగులంటే, ఒక అబ్బాయి ఆరున్నర అన్నాడు. ఇద్దరూ గొడవపడ్డారు. తీరా చూస్తే ఆ అమ్మాయి ఇంటి గచ్చు నుంచి కొలిచింది, అబ్బాయి రోడ్డు నుంచి. ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచే ఎందుకు చెబుతారో ఆవిడ వేరే చెప్పనక్కర్లేకపోయింది. గ్రాఫు గీయడం కంప్యూటరుకు రెండు నిమిషాల పని. ఆ గొడవకు ముప్పావు గంట పట్టింది, ఆవిడ దాన్ని తొందరపెట్టలేదు. నేర్చుకున్నది టైపూ, షీటూ కావచ్చు, ఆవిడకు దొరికింది మాత్రం ఆ ముప్పావు గంట.

అన్నీ ఇలా కుదిరాయని చెప్పను. ప్లికర్స్ కార్డులకు మెరిసే లామినేషన్ చేయించాం. ట్యూబులైటు వెలుగుకు కెమెరాకు తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ కనబడలేదు, ఆ డబ్బు వృథా. వేళ్లు బొమ్మకు అడ్డం పెడితే చదవదు, చిన్న తరగతుల్లో దాన్ని అలవాటు చేయడానికే రెండు పీరియడ్లు పోయాయి. సైన్సు మాస్టారు విద్యుత్ వలయాలను కంప్యూటరులో కలిపి ఆడించి చూసే ఫెట్ బొమ్మలను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెట్ లేకుండానే నడిపారు, లెక్కల మేడం జియోజిబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాలు లాగి చూపిస్తున్నారు. ఒకరు ఏఐతో ప్రశ్నలు రాయించి తెస్తే అందులో బుడమేరును కృష్ణకు ఉపనదిని చేసి పెట్టింది. అందరూ కలిసి చదవబట్టి పట్టుకున్నాం. తొమ్మిది మందిలో ముగ్గురు మధ్యలో మానేశారు. అందులో ఒకావిడ బొత్తిగా దాపరికం లేకుండా, ఆదివారం కూడా బడి పనేనా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే ఏడాదికి మిగిలినవి: టీచర్లు టైపు చేసిన ప్రశ్నలన్నీ ఒకేచోట పెట్టి, ఏ బడి టీచరైనా మార్చుకునేలా పంచాలి. డీటీపీ మిత్రుడు పాత ఫాంట్ల ఫైళ్లను యూనికోడ్‌లోకి మారుస్తానన్నారు. మార్పిడిలో వత్తులు జారిపోతాయి కాబట్టి ప్రతి పేజీ చదివి సరిచూసే సభ్యులు కావాలి. తెలుగు బాగా వచ్చిన పెద్దలు పేర్లివ్వండి. వరద మరకల షీట్‌ను పిల్లలు మన సంఘానికిచ్చారు, కాలువ పూడిక మీద పెట్టబోయే మూడో అర్జీకి దాన్ని జతచేస్తున్నాం.

సోషల్ టీచరు గారు సంఘాన్ని తనకోసం అడిగింది ఒక్కటే. ఆదివారాలు నా కోసం ఎదురుచూడకుండా ఆఫీసు తెరుచుకునేందుకు ఇంకో తాళం చెవి కావాలన్నారు. బీసెంట్ రోడ్డులో చేయించి ఇచ్చాం. ఆ ఖర్చు కోశాధికారి గారి పట్టికలో "ఇతరములు" కింద ఉంది.

— కార్యదర్శి