డీలరు మారితే ఇన్సెంటివ్ ఎవరికి?

సంపాదకులకు నమస్కారం.

కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర 23 మంది పనిచేసే ఒక ఆడిటరు ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసేది నేనే. మా మెయిలు, ఎక్సెల్ అన్నీ మైక్రోసాఫ్ట్ 365 మీదే నడుస్తాయి. టాక్స్ ఆడిట్ గడువు దగ్గరపడ్డ సెప్టెంబరులో ఒకరి మెయిల్‌బాక్స్ నిండిపోతే, దాన్ని వాడుకునేందుకు మనిషికొకటి చొప్పున లైసెన్సులు అమ్మిన డీలరు రెండు రోజులు ఫోనెత్తలేదు. వేరొకరి దగ్గరికి మారదామని అప్పుడే నిర్ణయించుకున్నాం.

ఈ లైసెన్సుల మీద డీలరుకు రెండు దారుల్లో డబ్బు వస్తుంది. మనకు వేసే ధరలో మిగిలే మార్జిన్ ఒకటి. అర్హత ఉన్న డీలరుకు, తన ద్వారా బిల్లయ్యే లైసెన్సులను బట్టి మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చే ఇన్సెంటివ్ రెండోది. ఈ రెండోది మన ఇన్వాయిస్‌లో ఎక్కడా కనిపించదు. కస్టమరు మారితే పాత డీలరుకు అది ఆగిపోయి, అర్హత ఉంటే కొత్త డీలరుకు మొదలవుతుంది. వాళ్ళిచ్చే సలహాలను ఈ సంగతి తెలుసుకునే వినాలి.

ఏడాది ఒప్పందం మీద తీసుకున్న లైసెన్సులను 7 రోజులు దాటాక గడువు తీరేదాకా రద్దు చేసుకోలేం, తగ్గించుకోలేం. మధ్యలో వేరే డీలరుకు బదిలీ చేసే పద్ధతి ఉంది గానీ, కొత్త డీలరు పంపే అభ్యర్థనను పాత డీలరు ఆమోదించాలి. మా పాత డీలరు దాన్ని మూడు వారాలు పక్కన పెట్టి, "మధ్యలో కుదరదు సార్, సిస్టం తీసుకోదు" అన్నారు. కొత్తాయనేమో "అవి అట్లే ఉండనీండి, నా దగ్గర ఇంకో 23 తీసుకోండి, డిస్కౌంటు ఇస్తా" అన్నారు. ఆ మాట వినుంటే ఒక్కో మనిషికి రెండేసి లైసెన్సులకు, 18 శాతం జీఎస్టీతో సహా, డబ్బు కట్టేవాళ్ళం. మేము మారితే తమకు పోయేదెంతో, వచ్చేదెంతో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

డీలరు సంపాదించుకోవడం తప్పని నేననను. సేవ చేసేవారికి రాబడి ఉండాల్సిందే. కానీ మ్యూచువల్ ఫండ్ల డిస్ట్రిబ్యూటరుకు ముట్టిన కమీషన్‌ను ఆరు నెలలకోసారి ఇన్వెస్టరుకు పంపే స్టేట్‌మెంటులో చూపాలని 2016లోనే సెబీ నిబంధన తెచ్చింది. సాఫ్ట్‌వేర్ కొటేషన్‌లోనూ అలాంటి వరుస ఒకటి ఉండాలని, బదిలీ అభ్యర్థనకు పాత డీలరు ఇన్ని రోజుల్లో జవాబివ్వాలనే గడువును కంపెనీలే పెట్టాలని కోరుతున్నాను. అంతవరకు, మారదలచినవారు, గడువు తీరగానే లైసెన్సులు వాటంతటవే కొనసాగే ఆటో రెన్యువల్‌ను ఆపమని గడువుకు నెల ముందే డీలరుకు మెయిలులో రాసి, ఆపినట్టు జవాబు తెప్పించుకోవాలి. మేము ఈసారి అలాగే చేశాం.

— ఒక పాఠకుడు, కడప