ఆ తెల్లమచ్చ ఎవరి కంటా పడదు

సంపాదకులు గారికి,

పళ్ల గురించి పత్రికల ఆరోగ్యం పేజీల్లో వచ్చే వ్యాసాలు చాలామటుకు ‘పన్ను నొప్పి మొదలైతే అశ్రద్ధ చేయకండి’ అంటూ ఉంటాయి. నొప్పి మొదలయ్యేసరికే అశ్రద్ధ అంతా అయిపోయి ఉంటుందని చెప్పడానికే ఈ ఉత్తరం. నేను డాక్టర్ని కాను. ఇద్దరు పిల్లల తల్లిని. పెద్దవాడి విషయంలో దెబ్బతిని, చిన్నదాని విషయంలో కళ్లు తెరిచినదాన్ని.

వాడికి మూడేళ్లప్పుడు పై ముందుపళ్లు రెండింటి మీద, చిగురును ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్లటి గీత ఉండేది. చూడలేదని అబద్ధం చెప్పను. పాలు అంటుకున్నాయనుకున్నాను. గోటితో గీకితే పోలేదు. ‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడేవే’ అని వదిలేశాను. ఏడాది తిరక్కుండానే ఆ గీత పసుపుకు తిరిగింది, తర్వాత గోధుమరంగుకు. ఒకరోజు పొద్దున పళ్లు తోముతుంటే చిన్న పెచ్చు ఊడి నా అరచేతిలో పడింది. అప్పుడు పరుగెత్తాను. డాక్టరమ్మ వాడి పెదవి పైకెత్తి చూసి, ‘తెల్లగా ఉన్నప్పుడే తీసుకురావలసింది’ అంది. పన్ను తెల్లగా ఉండటం కూడా జబ్బేనని నాకెవరు చెప్పారు గనక?

మన మాటలు చూడండి. పుచ్చుపన్ను, పిప్పిపన్ను, పన్నుకు పురుగు పట్టింది. అన్నీ చిల్లు పడ్డాక పుట్టిన మాటలే. దాని ముందు దశకు వాడుకలో పేరే లేదు, పేరు లేనిదాన్ని కన్ను కూడా పట్టించుకోదు. పురుగు సంగతికొస్తే, పళ్లను సూక్ష్మదర్శిని కింద వెతికినా తనకు పురుగులేవీ కనిపించలేదని ఫ్రాన్సు దంతవైద్యుడు పియరీ ఫోషార్ 1728లోనే రాశాడు. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయని, ఆ ఆమ్లమే పన్నును తినేస్తుందని 1890లో అమెరికా దంతవైద్యుడు విలోబీ మిల్లర్ తేల్చాడు. అయినా పురుగు మాత్రం మన నోళ్లలోంచి పోలేదు.

జరిగేది ఇది. పంటి పైపొర ఎనామిల్‌లో నూటికి 96 పాళ్లు ఖనిజమే. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లం వదులుతాయి. అక్కడి పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామిల్‌లోంచి ఖనిజం కరిగి బయటికి రావడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని అణచి, పోయిన ఖనిజాన్ని మళ్లీ నింపడం మొదలుపెట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోపు ఇంకోసారి తీపి తింటే లెక్క మళ్లీ మొదటికి. అందుకే ఎంత తిన్నాం అన్నదానితో పాటు రోజుకు ఎన్నిసార్లు తిన్నాం అన్నదీ చూడాలి. ఒక పెద్ద మిఠాయిని ఒక్క కూర్చోవడంలో తినేసేవాడికంటే, చిన్నదాన్ని పొద్దస్తమానం చప్పరించేవాడి పళ్లే ముందు పాడవుతాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది గనక పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల సంగతి ఇక చెప్పక్కర్లేదు. పోయేదే ఎక్కువై, చేరేది తక్కువైన చోట ఎనామిల్ లోపల గుల్లబారుతుంది. పైపొర చెదరనట్టే ఉంటుంది గానీ వెలుగు పడే తీరు మారిపోయి సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. నేను గోటితో గీకినది అదే.

దాన్ని చూడటానికి పరికరాలేవీ అక్కర్లేదు. చిన్నదాన్ని ఇప్పుడు నెలకోసారి కిటికీ దగ్గర ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుంటాను. పై పెదవిని బొటనవేలితో ఎత్తి, మెత్తటి పొడిగుడ్డతో పళ్లు తుడిచి, ఒక్క క్షణం ఆగి చూస్తాను. తుడవడంలోనే ఉంది కిటుకంతా. తడి పంటి మీద తెల్లమచ్చ దాక్కుంటుంది, పన్ను ఆరితే బయటపడుతుంది. తడిగా ఉన్నా కనిపిస్తోందంటే లోతుకు దిగిందని అర్థం. పాచి ఎక్కువగా నిలిచేది చిగురు అంచునే గనక మచ్చ కూడా అక్కడే మొదలవుతుంది. చంటిపిల్లల్లో పై ముందుపళ్లే ముందు పాడవుతాయి. కింది ముందుపళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలమూ అక్కడ ఎక్కువ, అందుకని అవి చాలాసార్లు తప్పించుకుంటాయి. ఇక్కడ ఒక హెచ్చరిక: సూదితోనో పిన్నుతోనో పొడిచి చూడకండి. మచ్చ మీద మిగిలిన పలచటి పొర చిట్లిందంటే, నయమయ్యేదాన్ని మనమే చిల్లు చేసినట్టు.

నయమవుతుంది, అవును. చిల్లు పడిన పన్ను తనంతట తాను పూడదు గానీ తెల్లమచ్చ దశలో వెనక్కి మళ్లించవచ్చు. చాలా సందర్భాల్లో డ్రిల్లింగు లేకుండా, ఫ్లోరైడ్ పూతతోనూ, శ్రద్ధగా తోమడంతోనూ, తీపి తినే సార్లు తగ్గించడంతోనూ అక్కడికక్కడే ఆగిపోతుంది. 1,000 నుంచి 1,500 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి, అందులో ఒకటి పడుకోబోయే ముందు. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత పేస్టు, ఆ పైన ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు. తోమాక నురగ ఉమ్మేయాలి గానీ గ్లాసెడు నీళ్లతో పుక్కిలించి ఫ్లోరైడ్‌ను కడిగేసుకోకూడదు. ఈ చివరి ముక్క నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. ఫ్లోరైడ్ పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మనం మాత్రం ఇంకా రుచిని బట్టీ, నురగను బట్టీ కొంటున్నాం.

అన్ని తెల్లమచ్చలూ పుచ్చు కావు, అదీ చెప్పాలి. పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ మోతాదు మించితే వచ్చే మచ్చలు సాధారణంగా రెండువైపులా ఒకే రకం పళ్ల మీద, మబ్బుతునకల్లా, అంచు తెలియకుండా పరుచుకుని ఉంటాయి. నల్లగా ఉన్నదంతా పుచ్చే అనుకోవడమూ పొరపాటే. గట్టిగా, మెరుస్తూ ఉన్న నల్లమచ్చ ఒకప్పుడు మొదలై ఆగిపోయినది కావచ్చు, ఉత్త మరకా కావచ్చు. దానికంటే కాంతి లేకుండా, గరుకుగా ఉన్న తెల్లమచ్చకే నేను ఎక్కువ భయపడతాను. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే. మన పని చూసి తీసుకెళ్లడం వరకే.

కంటికి కనపడని చోట్లు వేరే ఉన్నాయి. ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్ల వెనక నాలుగు కొత్త దవడపళ్లు వస్తాయి. ముందు ఏ పన్నూ ఊడదు గనక వాటిని కూడా పాలపళ్లే అనుకుంటాం. అవి జీవితాంతం ఉండాల్సినవి. వాటి గాడులు బ్రష్ పోచ కూడా దూరనంత సన్నం, పుచ్చు అక్కడే మాటు వేస్తుంది. అవి రాగానే గాడుల్లో సీలెంట్ (గాడుల్ని మూసేసే పూత) వేయిస్తే ఎంతో మేలు. ఇక పళ్ల సందుల్లో మొదలయ్యేది సాధారణంగా ఎక్స్‌రేలో తప్ప దొరకదు. దారంతో సందులు శుభ్రం చేసేటప్పుడు ఎప్పుడూ ఒకేచోట పోగులు తెగుతున్నా, తిన్నప్పుడల్లా ఒకే సందులో ఇరుక్కుంటున్నా అనుమానించాలి. చల్లటి నీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గడం ఒక సంగతి, నీళ్లు మింగేశాక కూడా లాగుతూనే ఉండటం ఇంకో సంగతి. రెండోది నరం దాకా చేరి ఉండవచ్చు. నాలుగు రోజులు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నట్టుండి మాయమైందంటే పన్ను బాగుపడిందని కాదు, లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు. మా పెద్దాయన సరిగ్గా అప్పుడే డాక్టరు దగ్గర తీసుకున్న అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నారు! పెద్దవాళ్లకు చిగుళ్లు కిందికి జారి వేళ్లు బయటపడతాయి, ఎనామిల్ లేని ఆ వేరు ఇంకా తొందరగా కరుగుతుంది. కొన్ని మందులకు నోరు ఎండిపోయేవాళ్లయితే మరీనూ.

ప్రపంచంలో 200 కోట్ల మందికి శాశ్వత దంతాల్లోనూ, 51 కోట్ల మందికి పైగా పిల్లలకు పాలపళ్లలోనూ పుచ్చు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక లెక్క. వీళ్లలో ఎందరి పళ్ల మీద తెల్లమచ్చ ఇంట్లోవాళ్ల కళ్లెదుటే ఉండి ఉంటుందో!

బడుల్లో పిల్లల ఆరోగ్య పరీక్షకు వచ్చేవాళ్లు ‘పుచ్చుపళ్లు ఎన్ని’ అని లెక్కరాసుకుని పోతుంటారు. ఆ కాగితంలో ‘తెల్లమచ్చలు’ అని ఇంకొక గడి పెట్టాలి. టీకా వేయించడానికి వచ్చిన తల్లికి పెదవి ఎత్తి చూడటం అక్కడే నేర్పాలి, అందుకు రెండు నిమిషాలు చాలు. మొదటి పన్ను వచ్చిన ఆర్నెల్లలోపు, ఆలస్యమైనా ఏడాది నిండేలోపు ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించాలన్న మాట కూడా అక్కడే చెప్పాలి.

మీకూ ఒక విన్నపం. పళ్ల వ్యాసం వేసిన ప్రతిసారీ నల్లటి చిల్లు, అందులోంచి తొంగిచూసే పురుగు బొమ్మ వేస్తున్నారు. ఈసారి చిగురు అంచున తెల్లమచ్చ ఉన్న పంటి ఫొటో వేయండి. రంగుల పేజీలోనే వేయండి, నలుపు తెలుపులో ఆ మచ్చ కనపడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు