శీనూ, ఆ థిన్నర్ డబ్బా ముట్టుకోకు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్లో, కారు లోపలి జిడ్డు తుడవడానికి పెయింటు థిన్నర్ వద్దని అరిచాను కదా, ఎందుకో చెప్పేలోపే లైను కట్టయింది. మళ్ళీ చేద్దామనుకుని, ఇది ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను. మీ మామగారి పద్మిని కారు నీ చేతికొచ్చినందుకు సంతోషం. లోపల రెక్సిన్ జిడ్డు కారుతోందని నువ్వు బెంగపడుతున్నావే, ఆ జిడ్డు దగ్గర్నుంచే నా కథ కూడా మొదలైంది.

మా నాన్నగారి అంబాసిడర్ నీకు తెలుసుగా, 1986 మార్క్ ఫోర్. స్టీరింగ్ పక్కన గేరు, ముందు బెంచీ సీటు. ఇంటర్ పరీక్షలకి మనం నలుగురం అందులోనే గుంటూరు వెళ్ళాం. వెనక ఎడమ తలుపు మీద మా చెల్లి చిన్నప్పుడు బాల్‌పెన్నుతో గీసిన గీత ఒకటుండేది. అది పోతుందేమోనని గుడ్డకి కాస్త థిన్నర్ అద్ది రుద్దాను. గీత పోయింది. గుడ్డ వైపు చూస్తే ఎర్రగా ఉంది. అంటే రెక్సిన్ రంగు దిగిపోయింది. తోలులా కనపడటానికి పైన అచ్చువేసిన సన్నటి ముడతలు ఉంటాయి చూడు, అవి కూడా కరిగిపోయి, అరచేయంత మేర నున్నగా గాజులా మెరుస్తోంది. రెండ్రోజుల తర్వాత గోటితో తడితే టకటకమంది, వేయించని అప్పడంలాగా. ఇప్పటికీ అలాగే ఉంది. కారెక్కిన ప్రతివాడూ ముందు అదే చూస్తాడు.

ఎందుకలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. మనం రెక్సిన్ అనేది ఇప్పుడు వినైల్. వినైల్ అంటే పీవీసీయే, మన బాత్రూం పైపులున్నాయే, అదే. సహజంగా అది గట్టిది. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అనే ఆయన దాంట్లో నూనెలాంటి ద్రవాలు కలిపితే మెత్తగా వంగుతుందని కనిపెట్టాడు. వాటినే ప్లాస్టిసైజర్లంటారు. కారు ఎండలో నిలబడ్డప్పుడల్లా ఆ ద్రవం కొంచెం కొంచెం ఆవిరవుతూ ఉంటుంది. ముందు అద్దానికి లోపలి వైపు పొగమంచులా ఒక జిగట పొర పడుతుంది చూడు, న్యూస్‌పేపర్‌తో తుడిస్తే ఇంకా అలుక్కుపోతుంది, అది చాలావరకు ఇదే. ఎండ ముప్పై ఏళ్ళలో చేసే పనిని థిన్నర్ నిమిషంలో చేసేస్తుంది. పెట్రోలూ అంతే. పోయిన మెత్తదనాన్ని మళ్ళీ పోసే సీసా ఏదీ బజార్లో లేదు. అమ్మేదంతా మెరుపు.

అన్నట్టు, రెక్సిన్ అన్న మాట కూడా ఒక బ్రాండు పేరేనట. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్ళో తయారయ్యేది. ఆ అసలు రెక్సిన్ వినైల్ కూడా కాదు, గుడ్డ మీద సెల్యులోజ్ పూత. ఆ పూత పోయింది గానీ పేరు మాత్రం మన సీటు షాపుల్లో స్థిరపడిపోయింది.

సరే, పని సంగతి. నేను చేసిందాంట్లో ముప్పాతిక వంతు, అంతకుముందు మనుషులు పూసినవి తీసేయడమే. మా పాత డ్రైవరు ప్రతి దసరాకీ ఆయుధపూజ ముందు కొబ్బరినూనె పట్టించేవాడు. తర్వాత సర్వీసింగ్ షాపు వాళ్ళు సిలికాన్ స్ప్రే కొట్టేవాళ్ళు. నూనె మీద దుమ్ము, దుమ్ము మీద సిలికాన్, మళ్ళీ దుమ్ము. నీ పద్మినిలో జిడ్డు కూడా ఇలాంటిదే అయ్యుంటుంది.

బకెట్టు గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా వేశాను, అంతే. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ఒక్కోసారి అడుగు మేర మాత్రమే తుడిచాను. తలుపు రెక్సిన్‌లో నిలువు గీతలుంటాయి కదా, వాటిలో మట్టికి పాత టూత్‌బ్రష్ కావాలి. (మా ఆవిడ బ్రష్ పాతదే అనుకున్నాను. కాదట.) బ్రష్ గీత వెంబడి పైనుంచి కిందికి లాగుతుంటే కొసన చింతపండు రసంలాంటి నీళ్ళు చేరతాయి. అది జారకముందే పొడిగుడ్డతో అద్దెయ్యాలి, లేకపోతే కింది గీతలోకి దిగి ఆరిపోతుంది. నాలుగు తలుపులకి మూడు రోజులు పట్టింది. మూడో రోజు ముందు కుడి తలుపు మీద, నాన్నగారు మోచెయ్యి ఆనించే చోట, అసలు రంగు బయటపడింది. మేమంతా నలభై ఏళ్ళుగా గోధుమరంగు అనుకున్నది మంచి ఇటుకరంగు రా! నాన్నగారిని పిలిచి చూపిస్తే, "నేను కొన్నప్పుడు ఇదే కదా" అని లోపలికి వెళ్ళిపోయారు.

నీళ్ళు మాత్రం ఎక్కువ వాడొద్దు. రెక్సిన్ వెనక హార్డ్‌బోర్డు ఉంటుంది, తడిస్తే అప్పచ్చిలా ఉబ్బుతుంది. మ్యాజిక్ స్పాంజి అని అమ్ముతున్నారే తెల్లగా, అది మెత్తగా కనపడే ఉప్పుకాగితం. నేను పక్కన పెట్టేశాను.

తలుపు కింది భాగంలో రెక్సిన్ లేచి, ముక్కలు ముక్కలుగా ఊడి ఉందా? నాకు రెండు తలుపులకీ ఉంది. తప్పు రెక్సిన్‌ది కాదు. అద్దం అంచున ఉండే రబ్బరు బీడింగ్ ఎండిపోతే వాన నీళ్ళు తలుపులోకి దిగుతాయి. అడుగున కంతలుంటాయి, వాటిలోంచి పోవాలి. నాకు మట్టి పేరుకుని ఆ కంతలు మూసుకుపోయాయి. దానికి తోడు బోర్డుకీ రేకుకీ మధ్య ఉండాల్సిన ప్లాస్టిక్ షీటుని ఎవరో మెకానిక్ అద్దం బాగుచేస్తూ పీకి పారేశాడు. కాబట్టి నువ్వు మొదట తలుపు లోపలి బోర్డు విప్పు. అంబాసిడర్‌కైతే అద్దం తిప్పే హ్యాండిల్ వెనకున్న గిన్నెను లోపలికి నొక్కితే చిన్న పిన్ను కనపడుతుంది, దాన్ని తట్టి తీస్తే హ్యాండిల్ ఊడొస్తుంది. నీ బండికి ఎలా ఉందో చూసుకో, బలంగా లాగకు. క్లిప్పులు విరిగితే వెతకలేక చస్తావు. నాకు తలుపులో దొరికినవి: పది పైసల బిళ్ళ, తుప్పు పట్టిన స్లైడు, ఏడు చింతగింజలు.

ఉబ్బిన బోర్డుని అచ్చుగా పెట్టి, మూడు మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు కోయించి, రెండు వైపులా ప్రైమర్ కొట్టాను. పాత రెక్సిన్‌ని హెయిర్ డ్రైయర్‌తో కాస్త వెచ్చచేస్తూ మెల్లగా ఒలిస్తే చిరక్కుండా వచ్చింది. ఫెవికాల్ ఎస్‌ఆర్ రెండు వైపులా పూసి, వేలికి అంటుకోనంత ఆరాక ఒకేసారి అద్దాలి. తొందరపడితే ఎండలో బుడగలు లేస్తాయి. మొదటి తలుపుకి లేచాయి.

రంగు వెలిసిన చోట్ల వినైల్ స్ప్రే వాడాను. మామూలు ఎనామిల్ కొడితే వంగిన చోటల్లా పగులుతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, అదీ కనపడని మూలలో పరీక్షించాకే. సిలికాన్ ఇసుమంత మిగిలినా రంగు చేపకళ్ళలా గుండ్రంగా విడిపోతుంది. పల్చగా మూడు పూతలు, పూతకీ పూతకీ పావుగంట.

సీట్ల దగ్గర మాత్రం నా పంతం సాగలేదు. విజయవాడ ఆటోనగర్‌లో సీట్లు కుట్టే పెద్దాయన కుట్టు వెంబడి వేలితో నొక్కాడు, ఫట్‌మని చీలింది. "బాబూ, ఇది ఆరిపోయిన తోరణం" అన్నాడు. ఆయన మాట వినేశాను. సీట్లు కొత్తవి, తలుపులు పాతవి. దగ్గరగా చూస్తే రంగు ఒక పిసరు తేడా ఉంది, సాయంత్రం పూట తెలీదు.

ఇప్పుడు మెరుపు లేని, నీళ్ళతో కలిసే ఎండ రక్షణ ద్రవం రెండు నెలలకోసారి పల్చగా తుడుస్తున్నాను. బండి చింతచెట్టు కింద, ముందు అద్దానికి లోపల అట్ట అడ్డం. రోహిణి కార్తెలో అద్దాలు వేలెడు దించి ఉంచుతున్నాను.

నీ డాష్‌బోర్డు పగుళ్ళ ఫోటోలు పంపు, వెలుతురులో తీసి. మీ ఊళ్ళో పాత సామాన్ల షాపుల్లో అంబాసిడర్ అద్దం హ్యాండిల్ నల్ల బుడిపె కనపడితే ఒకటి కొని పెట్టు, వెనక కుడివైపుది పగిలింది. అమ్మకి నా నమస్కారాలు, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు

మర్చిపోయాను, టూత్‌బ్రష్ కొత్తది కొనుక్కో.