విదేశంలో ఉన్న జవానుకు పార్సిల్ కట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

1950లో కొరియాకు వెళ్లిన సైనిక వైద్య బృందం మొదలు నేటి దక్షిణ సూడాన్ దాకా, ఐక్యరాజ్యసమితి పనుల మీద మన జవాన్లు దేశం దాటి వెళ్తూనే ఉన్నారు. వాళ్లకు తిరుపతి, చిత్తూరు పోస్టాఫీసుల నుంచి వెళ్లే పార్సిళ్లు చేరకపోవడానికీ, చేరినా లోపలిది చెడిపోవడానికీ కారణాలు చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోగలిగినవి.

మొదటిది చిరునామా. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), 9తో మొదలయ్యే పిన్ కోడ్. యూనిట్ ఏది ఇస్తే అదే, అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లిషు పెద్దక్షరాల్లో రాయాలి. దేశం పేరు మాత్రం రాయవద్దు. 56 ఏపీఓకు వెళ్లేది దేశీయ తపాలా, రుసుము కూడా దేశీయమే. సైనిక తపాలా కేంద్రం దాన్ని ఢిల్లీలో అందుకుని ముందుకు పంపుతుంది. దేశం పేరు కనిపిస్తే అది విదేశీ తపాలాలో కలిసి దారి తప్పుతుంది, దళం ఎక్కడుందో కూడా నలుగురికీ తెలిసిపోతుంది. 517తో మొదలయ్యే మన పిన్ కోడ్ పంపేవారి చిరునామాలోనే, ఎడమవైపు కింద చిన్నగా ఉండాలి. అదే చిరునామాను ఒక చీటీ మీద రాసి పెట్టె లోపల కూడా వేయండి. పైకాగితం చిరిగితే ఆ చీటీయే దిక్కు.

ఇక తిండి. దారిలో వారాలు పడుతుంది, ఎండలో గోదాముల్లో ఆగుతుంది. శ్రీవారి లడ్డూ పంపాలని ఎవరికైనా ఉంటుంది, కానీ నెయ్యి ఎక్కువ కాబట్టి అంతకాలం నిలవదు, ముక్కిన వాసన వేస్తుంది. సెలవుపై వచ్చి తిరిగి వెళ్లే తోటి జవాను చేతికివ్వడమే మేలు. కర్పూరం, ఎండు కొబ్బరి పార్సిల్‌లో వేయనే వేయకండి. పూజ సామాను కదా అని చాలామంది పెడతారు. కర్పూరం సులువుగా అంటుకునేది, ఎండు కొబ్బరి నూనె వల్ల తనంతట తానే వేడెక్కేది. రెండూ విమాన రవాణాలో ప్రమాదకర సరుకుల కింద లెక్క. తనిఖీలో ఒక్కటి దొరికినా మొత్తం పెట్టె ఆగిపోతుంది. అగ్గిపెట్టె, లైటరు, సెంటు, పవర్ బ్యాంకు కూడా అంతే. మందులూ వద్దు. కొన్ని దగ్గు సిరప్‌లు, నిద్రమాత్రలు ఇతర దేశాల్లో మత్తుమందుల జాబితాలో ఉంటాయి. అవసరమైతే దళంలో డాక్టరున్నాడు.

బాగా తట్టుకునేవి పొడులు. పప్పులపొడి, కరివేపాకు పొడి, కొబ్బరి వేయకుండా. చెనిక్కాయల పొడి త్వరగా కనరెక్కుతుంది, అది తక్కువ పంపండి. వేయించాక పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. కిలో పొట్లం ఒకటి కాకుండా పావు కిలో పొట్లాలు నాలుగు చేస్తే, తెరిచినది అయ్యేదాకా మిగతావి బాగుంటాయి. నిప్పట్లు చిన్నగా, కాస్త మందంగా చేసి, కొత్త నూనెలోనే కాల్చాలి. వాడిన నూనెలో కాల్చినవి ముందే వాసన వస్తాయి. ఊరగాయ పంపక తప్పదంటే ప్లాస్టిక్ సీసాలో అంగుళం ఖాళీ వదిలి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టండి. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నిండా పోసిన సీసా అక్కడే కారుతుంది. సబ్బు, అగరుబత్తి తిండితో కలపవద్దు.

ఐదు పొరల అట్టపెట్టె తీసుకోండి, బరువు మూడు కిలోలు దాటనివ్వకండి. మూసి ఊపితే చప్పుడు రాకూడదు. ఖాళీల్లో మీ పేపరు జిల్లా ఎడిషన్లే నలిపి కుక్కవచ్చు. అక్కడ వాటిని సాపు చేసుకుని చదువుతారు.

ఉత్తరం సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నా దృష్టిలో అదే ముఖ్యం. రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటర్ చాలు, అయితే లోపల ఫొటో, కుంకుమ పెట్టకూడదు. వాటికి కవరు వాడాలి. ప్రతి ఉత్తరానికీ తేదీతో పాటు వరస నంబరు వేయండి. విమానం కోసం ఆగి నాలుగూ ఒకేసారి చేరుతాయి, ఒక్కోసారి ఆరోది ఐదోదానికన్నా ముందు వస్తుంది. సగం కబురు రాయవద్దు. ‘అమ్మకు ఒంట్లో బాగాలేదు’ అని వదిలేస్తే అక్కడ వాడికి నిద్ర పట్టదు. రుయా ఆసుపత్రిలో చూపించారా, స్విమ్స్‌లోనా, డాక్టరు ఏమన్నాడు, ఇప్పుడు అన్నం తింటోందా, అంతా రాయండి. తోతాపురి మామిడి ఏ ధర పలికింది, కల్యాణి డ్యాంలో నీళ్లెంత, గంగ జాతరకు ఎవరు ఏ వేషం కట్టారు, ఇవన్నీ వాడికి కావాలి. భూమి కాగితాలు పంపాల్సి వస్తే జిరాక్సులే, అసలువి వద్దు.

చిరునామా నమూనా, పంపకూడని వస్తువుల జాబితా తెలుగులో ఒక పెద్ద కాగితం మీద రాసి, కర్పూరం, ఎండు కొబ్బరి పేర్లు తప్పక చేర్చి, రెండు జిల్లాల ప్రధాన పోస్టాఫీసుల్లోనూ సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనూ అంటించాలని అధికారులను కోరుతున్నాను. సంక్రాంతికి చేరాల్సిన పెట్టె నవంబరులోనే కట్టాలి కాబట్టి, ఆ కాగితం దీపావళిలోగా గోడ మీదికి రావాలి.

– ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి, తిరుపతి