మాట చెల్లేది ధనవంతులకేనా?
అమెరికాలో ఓటు అందరికీ ఉన్నా, చట్టసభల్లో మాట చెల్లేది సంపన్నులకే. కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వం నిర్ణయించే కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఎన్నికల్లో కార్పొరేట్ సంస్థల స్వతంత్ర వ్యయానికి, అంటే అభ్యర్థులతో సంబంధం లేకుండా సొంతంగా చేసే ప్రచార ఖర్చుకు, పరిమితి చెల్లదని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక ధనప్రవాహానికి అడ్డే లేదు. డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నాను. పగలు దుకాణంలో, రాత్రి గిడ్డంగిలో పనిచేసే నడివయసు మహిళ ఒకరు ‘ఓటు వేసే తీరిక ఎక్కడిది?’ అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. అక్కడ పోలింగు మంగళవారం, జాతీయ సెలవు కూడా కాదు! ముందు ఆ రోజును సెలవు చేయాలి. కనీస వేతనాన్ని ధరల సూచీతో ముడిపెట్టి, రాజ్యాంగ సవరణతో ఎన్నికల ఖర్చుకు హద్దు గీయాలి. పౌరసత్వం పొందిన మన తెలుగువారు తమ కాంగ్రెస్ సభ్యులను ఈ విషయంలో గట్టిగా నిలదీయాలి.
– ఒక పాఠకుడు, తెనాలి