2-స్ట్రోక్ క్వాడ్ బండ్ల సభ్యులకు ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం ఏం చేసిందో, ఏ పని మిగిలిపోయిందో కార్యదర్శిగా మీ ముందు పెడుతున్నాను. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. మనమంతా డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లం. క్వాడ్ అంటే ఇసుకలో, మట్టిలో తిప్పే నాలుగు చక్రాల బండి. మన గ్యారేజీల్లో ఉన్నవి ఎక్కువగా యమహా బాన్షీలు, రెండు మూడు బ్లాస్టర్లు, ఒక హోండా టీఆర్ఎక్స్ 250ఆర్. వీటిలో ఏదీ ఇప్పుడు షోరూములో దొరకదు. 250ఆర్‌ని హోండా 1989తో ఆపేసింది. బాన్షీ, బ్లాస్టర్ రెండూ అమెరికాలో 2006 మోడల్‌తో ఆగిపోయాయి. అందుకే ఏటా మన సమయంలో సగం పైగా రిపేర్లకే పోతోంది. దానికి ఎవరూ నొచ్చుకోవాల్సిన పని లేదు, మన సంఘం పెట్టుకున్నదే అందుకు.

ఈ ఏడు అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది థాంక్స్‌గివింగ్ సెలవుల్లో జరిగిన సంగతి. ఓక్లహోమాలో వేనోకా ఊరి దగ్గరున్న లిటిల్ సహారా స్టేట్ పార్కుకు వెళ్లాం. 1,600 ఎకరాలకు పైగా ఇసుక, 25 నుంచి 75 అడుగుల దాకా లేచిన తిన్నెలు. తెల్లవారుజామున బాగా చలిగా ఉంది. మన సభ్యుడొకరు తన బాన్షీకి కొత్త ఎగ్జాస్ట్ పైపులు బిగించుకొచ్చారు. ఊరికే బిగించి రాలేదు. కార్బొరేటర్లలో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్లు, కంపెనీ ఇచ్చిన 200 నంబరువి తీసేసి పెద్దవి వేసి, స్పార్క్ ప్లగ్గుల రంగు చూసుకుంటూ ఓపిగ్గా ట్యూన్ చేశారు. అయినా మూడో తిన్నె ఎక్కుతుండగా ఇంజన్ శబ్దం మారింది. మామూలుగా ఉండాల్సిన దానికన్నా సన్నగా, పదునుగా పైకి లేచింది. మరో రెండు సెకన్లకు వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ఆయన వెంటనే క్లచ్ పట్టుకోబట్టి పడలేదు. దిగి కిక్కు కొడితే పెడలు అంగుళం కూడా కదల్లేదు.

టెంటు కింద పట్టా పరిచి హెడ్ విప్పాం. ఎడమ పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు అల్యూమినియం కరిగి, బోరుకి పొడుగ్గా పూసుకుపోయి ఉంది. పై రింగు గాడిలోనే అతుక్కుపోయింది. ఎడమ ప్లగ్గు సున్నంలా తెల్లగా ఉంది. కుడి ప్లగ్గు చూస్తే చక్కగా కాఫీపొడి రంగు. అక్కడున్న అందరం ఆ రెండు ప్లగ్గులనీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాం. రెండు వైపులా ఒకే సైజు జెట్, ఒకే పెట్రోలు, ఒకే చలి. మరి ఒక్క సిలిండరే ఎందుకు కాలింది?

ఇంటికొచ్చాక తేలింది. ఎడమ కార్బొరేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు మానిఫోల్డ్ కింది వైపు పగిలింది. మామూలుగా చూస్తే కనపడదు. బొటనవేలితో వంచితేనే గోటి వెడల్పున నోరు తెరిచింది. అందులోంచి గాలి దూరి, పెట్రోలు పాలు తగ్గి, దాంతోపాటు ఆయిలూ తగ్గి, పిస్టన్ పట్టేసింది. ఆ పైపులు బిగించిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. జెట్ల గురించి గంటసేపు మాట్లాడాను గానీ ఆ రబ్బరు ఒకసారి వంచి చూడమని చెప్పలేదు. అందులో నా తప్పు కూడా ఉంది, అందుకే దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్లలో ఆర్ఎక్స్ 100, రాజ్‌దూత్ 350 తిప్పినవాళ్లకి 2-స్ట్రోక్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎస్కార్ట్స్ కంపెనీ తయారుచేసిన ఆ రాజ్‌దూత్ 350కీ బాన్షీకీ చుట్టరికం ఉందని మాత్రం చాలామందికి తెలియదు. రెండింటిదీ 64 మి.మీ. బోరు, 54 మి.మీ. స్ట్రోకు, 347 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు. అది గాలితో చల్లారేది, ఇది నీళ్లతో చల్లారేది. యమహా ఆర్‌డీ వంశమే ఇది. 2-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి, ఆయిలు మూడూ కలిసి క్రాంక్ గదిలోంచే పైకి వెళ్తాయి. అందుకని ఆ గదికి ఎక్కడ చిన్న కంత పడ్డా దెబ్బ నేరుగా పిస్టన్‌కే తగులుతుంది. 4-స్ట్రోక్ బండికి క్రాంక్ సీలు పోతే నేల మీద ఆయిల్ మరక పడుతుంది. మనకి పోతే హాఫ్ ఇంజన్ పని, అంటే ఇంజన్ పై సగం విప్పి కట్టే పని పడుతుంది.

ఆ తర్వాత కార్యవర్గం కూర్చుని, సంఘం డబ్బుతో లీక్ టెస్టు పెట్టె ఒకటి సమకూర్చింది. ఈ ఏడాది మనం పెట్టిన ఖర్చుల్లో నాకు పూర్తి తృప్తినిచ్చింది ఇదొక్కటే. పని తేలిక. రెండు ఎగ్జాస్ట్ రంధ్రాలకీ రబ్బరు బిరడాలు బిగించాలి. ఇన్‌టేక్ ఒక వైపు మూసి, రెండో వైపు నుంచి చేతిపంపుతో 6 పీఎస్ఐ దాకా గాలి నింపాలి. 6 నిమిషాల పాటు గేజి ముల్లు కదలకూడదు. కదిలితే సబ్బునీళ్లు చల్లి బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి. మానిఫోల్డ్ రబ్బర్లు, రీడ్ కేజ్ (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారిలోని వాల్వు) గాస్కెట్లు, సిలిండర్ కింది గాస్కెట్లు, ఫ్లైవీల్ వెనక ఎడమ క్రాంక్ సీలు, ఈ వరసలో చూడండి. రేడియేటర్ మూత తీసినప్పుడు లోపల బుడగలు వస్తుంటే హెడ్ ఓ-రింగు పోయినట్టు. గేర్ ఆయిల్ పోసే రంధ్రంలోంచి గాలి వస్తుంటే క్లచ్ వైపున్న కుడి సీలు పోయినట్టు. కుడి సీలు పోయిన బండి గేర్ ఆయిల్ తాగుతుంది, పొగ కక్కుతుంది, కాబట్టి ముందే పట్టుబడుతుంది. ఎడమ సీలు ఏ సూచనా ఇవ్వకుండా గాలి లాగుతుంది. నాకు దానితోనే ఎక్కువ భయం.

జనవరిలో ఒక ఆదివారం ఎనిమిది బండ్లకి ఈ పరీక్ష చేశాం. ఐదు నిలబడలేదు. వాటిలో మూడు అంతకుముందు వారం దాకా ఏ తేడా లేకుండా తిరిగినవే. ఒకాయన బండి ముల్లు ఒక్క నిమిషంలో సున్నాకి పడిపోయినప్పుడు గ్యారేజీలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన పిల్లాడు సబ్బునీళ్ల సీసా తీసుకుని వంగి, "నాన్నా, ఇక్కడ నురగ" అని ఎడమ సీలు చూపించాడు. ఇప్పుడు ఆ పిల్లాడే మన పరీక్షలన్నిటికీ సబ్బునీళ్లు కొడుతున్నాడు.

ఇక మార్పులు చేర్పుల సంగతి. పవర్ పెంచుకోవాలని ఎవరికుండదు, మనం ఈ బండ్లు కొన్నదే అందుకు. కానీ నా మాట ఇది: పైపులు, రీడ్లు, కూల్ హెడ్ (డోములు మార్చుకోగల హెడ్), స్ట్రోకర్ క్రాంక్ (స్ట్రోకు పెంచే క్రాంక్) ఏది వేసినా లీక్ టెస్టు అయ్యాకే వేయండి, వేశాక మళ్లీ చేయండి. పైపు మారిస్తే జెట్ మార్చాల్సిందే. డల్లాస్‌లో ఆగస్టు ఎండలో కుదిరిన జెట్ నవంబరు చలిలో చాలదు. గాలి చిక్కబడుతుంది కాబట్టి పెద్ద జెట్ కావాలి. కూల్ హెడ్‌లో డోములు, అంటే పిస్టన్ పైన కంప్రెషన్ ఎంతో తేల్చే మూతలు, ఎంచుకునేటప్పుడు పక్కవాళ్లతో పోటీ పెట్టుకోకండి. మన దగ్గర పంపుల్లో దొరికే 93 ఆక్టేన్‌తో నడిచే డోములు వేసుకుంటే, ఎక్కడికెళ్లినా పెట్రోలు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇసుక కోసం ప్యాడిల్ టైర్లు (తెడ్లలాంటి పట్టీలున్న టైర్లు) వేసేవాళ్లు క్లచ్ స్ప్రింగులు, చైను కూడా చూసుకోండి. ఆ టైర్లు ఇసుకని పట్టే పట్టుకి పాత క్లచ్ ప్లేట్లు ఆగవు.

టీఓఆర్ఎస్ మీద ఈ ఏడు కూడా వాదన నడిచింది. థ్రాటిల్ మీంచి బొటనవేలు తీసినా కార్బొరేటర్‌లో గాలి దారి మూసే స్లయిడు కిందికి దిగకపోతే ఇంజన్‌ని ఐడ్లింగ్ వేగానికి దించే ఏర్పాటు అది. పాతబడి సతాయిస్తోందని చాలామంది తీసేస్తున్నారు. తీసేయొద్దని సంఘం ఆంక్ష పెట్టలేదు. అయితే తీసేసినవాళ్లు పడితే ఇంజన్ ఆగిపోయేలా చేతికి తాడు కట్టుకునే కిల్ స్విచ్ పెట్టుకోకపోతే మన యాత్రలకి రానివ్వకూడదని సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. నేను ఆ తీర్మానానికి గట్టిగా నిలబడ్డాను, ఇకపైనా నిలబడతాను.

పెట్రోలు కలపడం గురించి క్లుప్తంగా. బాన్షీకి ఆయిల్ పంపు లేదు, మనమే కలపాలి. మనలో ఎక్కువమంది వాడే 32:1 పాళ్లలో గ్యాలనుకి 4 ఔన్సులు, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు. కలిపిన క్యానుకి ఎర్ర దారం కట్టాలన్న పద్ధతి అందరూ పాటించారు, సంతోషం. ఇథనాల్ ఉన్న పెట్రోలు తేమని పీల్చుకుంటుంది. నెల్లాళ్లు బండి తీయమని తెలిస్తే కార్బొరేటర్ల గిన్నెలు ఖాళీ చేసి పెట్టండి.

పాత బండి కొన్నవాళ్లలో ఒకరు ఈ ఏడు నష్టపోయారు. "కొత్తగా కట్టిన ఇంజన్" అని అమ్మినాయన మాట నమ్మి తెచ్చుకుంటే, పలుమార్లు బోరు కొట్టించి ఇంకోసారికి స్లీవు (సిలిండర్ లోపలి గొట్టం) మిగలని సిలిండర్లు బయటపడ్డాయి. కొనేముందు మనలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఒక శనివారం పోతుంది, అంతే. కంప్రెషన్ గేజి, ఫ్రేము నంబరు సరిచూసుకోవడం, పిస్టన్ మీద కొట్టిన సైజు, ఈ మూడూ చూడకుండా డబ్బు చేతికివ్వకండి.

దసరాకి ఆయుధపూజ బాగా జరిగింది. పదకొండు బండ్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. ఆ రోజు ఫోటోల కోసం ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టి బండి కదిలించారు. ఇంకెప్పుడూ వద్దు. ఇవి ఒక్కరు కూర్చునే బండ్లు. పదహారేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదని తయారీదార్లే బండి మీద రాసి ఇచ్చారు. పిల్లలకి నేర్పాలంటే వాళ్ల సైజు బండి మీదే నేర్పుదాం, సంఘం సాయం చేస్తుంది.

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా పంపారు, లెక్క సరిపోయింది. అనుకుని చేయలేకపోయింది క్రాంక్ సరిచేసే తరగతి. నేర్పేవారు దొరకలేదు, వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నిస్తాం. వేనోకాలో పట్టేసిన బాన్షీ ఎడమ బోరు 64.25 మి.మీ.కి కొట్టినా గీత పోలేదు, రెండు వైపులా 64.50 మి.మీ.కి కొట్టించి కొత్త పిస్టన్లు వేశాం. ఫిబ్రవరి చివర కిక్కు కొట్టిన మూడోసారికి అందుకుంది.

లీక్ టెస్టు పెట్టె ప్రస్తుతం నా గ్యారేజీలోనే ఉంది. కావలసినవాళ్లు రెండు రోజుల ముందు చెప్పి తీసుకెళ్లండి. తిరిగి ఇచ్చేటప్పుడు బిరడాలు నాలుగూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి ఇవ్వండి.

మీ
కార్యదర్శి